రెండు తలల తీగ

పోయినవారం మీరు నన్ను వదిలిపెట్టింది క్లాసులో. శుక్రవారం మధ్యాహ్నం, కమ్యూనిటీ కాలేజీ వెనకవైపు షెడ్డులో, నాతో కలిపి పన్నెండు మంది విద్యార్థుల మధ్య ఉన్నాను. అందరిలోకీ పెద్దదాన్ని నేనే, ఆడమనిషినీ నేనొక్కదాన్నే. మా మాస్టారు రొజేర్ థెరియో సంచిలోంచి బారెడు తీగ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. మామూలు తీగకి ఒక కొసన ప్లగ్గు, రెండో కొసన సాకెట్టు ఉంటాయి. దీనికి రెండు కొసలా ప్లగ్గులే. "దీన్ని రెండు తలల తీగ అంటారు. మా అబ్బాయి జోయెల్‌ని చంపింది ఇలాంటిదే" అన్నారు ఆయన, రోజూ పాఠం చెప్పే గొంతుతోనే. అలాంటి తీగే మా ఇంటి నేలమాళిగలో, మెట్ల పక్క మేకుకి, ఆరేళ్ళుగా వేలాడుతోంది.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. నా పేరు లోరెట్ సీర్. నదికి ఇవతల అమెరికాలో మా ఊరు, అవతల కెనడా. ఇరవై రెండేళ్ళు బంగాళాదుంపల ఫ్యాక్టరీలో ముక్కలు ఏరాను. అది మూసేశాక, యాభై ఒకటో ఏట, కరెంటు పని నేర్చుకోవడానికి కాలేజీలో చేరాను. కుర్రాళ్ళు నన్ను "మేమేర్" అంటారు, అంటే అమ్మమ్మ అని. అననీ, తీగలు దూర్చే పైపులు వాళ్ళ చేతిలో వంకర పోతే సరిచేసేది ఈ అమ్మమ్మే. నేను చేరడం ససేమిరా ఇష్టం లేని మనిషి ఒక్కడే, నా మొగుడు నార్మన్. ఎందుకిష్టం లేదో సెప్టెంబరు నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ శుక్రవారం సాయంత్రం తెలిసింది.

ఆ తీగ మనిషిని ఎలా చంపుతుందో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా దగ్గర జనవరిలో మంచు వాన కురిసి తీగలు తెగితే, వారం దాకా కరెంటు రాదు. అందుకని పెరట్లో చిన్న జనరేటర్ పెట్టుకుంటాం. తీగ ఒక తల జనరేటర్‌లో, రెండో తల బట్టలారబెట్టే మిషను సాకెట్టులో దోపితే ఇల్లంతా కరెంటొస్తుంది. చట్టం ఒప్పుకోదు. అయినా ఈ లోయలో చెయ్యని ఇల్లు లేదు. చేసేముందు ఒక్క పని మాత్రం మరవకూడదు, మెయిన్ స్విచ్ దించాలి. దించకపోతే ఇంట్లో ఉండాల్సిన కరెంటు స్తంభానికి ఎదురెక్కుతుంది. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ ఏడు వేల వోల్టులని తగ్గించి మనకిస్తుంది కదా, వెనక నుంచి వెళ్ళేదాన్ని అదే మళ్ళీ ఏడు వేలు చేస్తుంది. తీగ చచ్చిందనుకుని చెయ్యి వేసినవాడు బతకడు. ఆరేళ్ళ కిందట మా రిడ్జ్ రోడ్డులో, తుఫాను మూడో రోజున పొద్దున్న పదకొండింటికి, తెగిన లైను బాగుచెయ్యడానికి స్తంభమెక్కిన జోయెల్ థెరియో అలాగే పోయాడు. ఇరవై ఏడేళ్ళు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవి మూడిళ్ళు. విచారణకి వచ్చినవాళ్ళకి మూడిళ్ళవాళ్ళమూ ఒకటే చెప్పాం, మా మెయిన్ దించే ఉంది అని. నేనూ అదే చెప్పాను. నార్మన్ అలా చెప్పమన్నాడు, నేను నమ్మాను.

క్లాసు మధ్యలోనే లేచి వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి నార్మన్ వంటింట్లో పెనం మీద ప్లోయ్‌లు, అంటే మా వైపు అట్లు, పోస్తున్నాడు. బురద బూట్లతోనే నేలమాళిగలోకి దిగి, మేకు మీది తీగ తెచ్చి, బల్ల మీద వెన్న గిన్నె పక్కన పడేశాను.

"ఇదేంటి?" అన్నాను.

"తీగ." అతను పెనం వైపే చూస్తున్నాడు.

"కళ్ళున్నాయిలే నాకు. ఏం తీగ?"

"బూట్లు విప్పి రావచ్చు కదా, ఇల్లంతా బురద చేశావు."

"ఇవాళ రొజేర్ గారు ఇలాంటిదే క్లాసుకి తెచ్చారు, నార్మన్."

అతను స్టవ్ ఆపేశాడు. పెనం మీది అట్టుని అలాగే వదిలేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతికంటిన పిండి కాసేపు తుడుచుకున్నాడు.

"అయితే వచ్చేసిందన్నమాట ఆ పాఠం" అన్నాడు. "సెప్టెంబరు నుంచి ఎదురుచూస్తున్నా."

పోయిన వేసవిలో కాలేజీ కాగితాలు నింపుతుంటే ఇతను నా వెంటపడి అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. నర్సు పని నేర్చుకో, వంట పని నేర్చుకో, కాలేజీలో ఇన్ని ఉన్నాయి కదా, అదొక్కటీ వద్దు అన్నాడు. నెల రోజులు కాలేజీకి దింపనన్నాడు. పెళ్ళాం తనకంటే ఎక్కువ నేర్చుకుంటుందని మగాడికి కుళ్ళు అని మా చెల్లెలితో చెప్పుకుని నవ్వాను.

"నువ్వేనా?" అన్నాను.

"నేనే."

"మెయిన్ దించలేదా?"

"మర్చిపోయాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే. జనరేటర్ పెట్టిన హడావుడిలో." అతను తలెత్తలేదు. "తెలుసుకున్నావుగా. ఇంక తిట్టు, కొట్టు, ఏం చేస్తావో చెయ్యి. అట్టు తిని చెయ్యి."

తిట్టేదాన్నే. పాతికేళ్ళ కాపురంలో తిట్టడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. కానీ ఈ ఏడు నెలలుగా రొజేర్ గారు మాకు నూరిపోసిన పద్ధతి ఒకటుంది. ఎక్కడ లోపం ఉందో వెతికేటప్పుడు ఇంటివాళ్ళు చెప్పే కథ వినొద్దంటారు. మూడే అడగండి అంటారు. ఎప్పటిదాకా బాగుంది, ఎప్పటి నుంచి చెడింది, ఆ మధ్యలో ఎవరు ముట్టుకున్నారు. వాత పెట్టినట్టు బుర్రలో ఉండిపోయిన ప్రశ్నలు అవి. నేను అడగాలనుకోకుండానే లోపల అవే తిరగడం మొదలుపెట్టాయి.

"మొదటి రోజు కాదు" అన్నాను.

"ఏంటి?"

"మొదటి రోజే మెయిన్ పైకుంటే మన జనరేటర్ పక్కనున్న రెండిళ్ళకి కూడా కరెంటివ్వాల్సొచ్చేది. అంత బరువు అది మోయలేదు, పది నిమిషాల్లో ఆగిపోయేది. రెండు రోజులు ఆగకుండా తిరిగింది, నాకు బాగా గుర్తు. రెండో రోజు పొద్దున్న లైనువాళ్ళు అదే స్తంభం ఎక్కి దిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం పక్కవాళ్ళిద్దరూ మెయిన్లు దించుకుని చుట్టాలిళ్ళకి వెళ్ళిపోయారు. మూడో రోజు పొద్దున్న దాకా మన మెయిన్ కిందికే ఉంది."

"లోరెట్, వదిలెయ్."

"మూడో రోజు నువ్వు ఎనిమిదింటికే మీ అమ్మకి కట్టెలు తీసుకుని వెళ్ళావు."

"పదకొండు లోపే వచ్చేశాను."

"లేదు. పన్నెండు దాటాక వచ్చావు. నేనప్పుడు..."

అక్కడ ఆగిపోయాను. నేనప్పుడు తల తుడుచుకుంటున్నాను.

ఎవరు ముట్టుకున్నారు అన్న ప్రశ్నకి జవాబు ఇంత తేలిగ్గా దొరుకుతుందని అనుకోలేదు. ఆ రోజు నాకు తల దురద. మూడు రోజులుగా కిరసనాయిలు హీటరు పక్కన పడుకుని జుట్టంతా పొగ కంపు. ఒక్క బకెట్టు వేణ్ణీళ్ళుంటే చాలనిపించింది. బావి పంపుకి నార్మన్ కరెంటు ఇవ్వలేదు, జనరేటర్ మోయలేదని. మోస్తుందో లేదో నేనే చూస్తానని టార్చి పట్టుకుని కిందికి దిగాను. గోడ మీద పెట్టె తెరిస్తే రెండు వరసల స్విచ్చులు. కొన్ని పైకి, కొన్ని కిందికి. వాటిలో ఏది ఏమిటో అప్పటికి నాకు తెలీదు. ఒక్కొక్కటే పైకి నెట్టుకుంటూ పోయాను. అన్నిటికీ పైన పెద్దదొకటి గట్టిగా ఉంది. అరచెయ్యి ఆనించి బలంగా నెట్టాను. ధడ్‌మని చప్పుడయింది. కాసేపటికి పంపు మోత మొదలైంది. నా అంత తెలివైనది ఈ లోయలోనే లేదనుకున్నాను. పాట పాడుకుంటూ నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. ఆ నీళ్ళు కాగుతున్నప్పుడు జోయెల్ స్తంభం మీద ఉన్నాడు.

నార్మన్ నా మొహం చూసి గుర్తొచ్చిందని తెలుసుకున్నాడు.

"నేనొచ్చేసరికి జనరేటర్ ఆగిపోయి ఉంది" అన్నాడు మెల్లిగా. "నువ్వు తల తుడుచుకుంటున్నావు. 'నీళ్ళు నేనే తెప్పించా, నువ్వు చేతకానివాడివి' అని నవ్వావు. కిందికి వెళ్ళి చూశాను. దించేశాను. అప్పటికే రోడ్డు మీద అంబులెన్సు వెళ్తోంది. ఎవరికోసమో సాయంత్రం దాకా తెలీలేదు."

"ఆరేళ్ళు, నార్మన్."

"చెప్తే ఏం చేసేదానివి?"

"నాకు తెలీదు. చెప్పాల్సింది."

"చెప్తే మళ్ళీ అలా నవ్వేదానివి కాదు" అన్నాడు. "నాకదొక్కటే కనిపించింది అప్పుడు. పోయినవాడు ఎలాగూ రాడు కదా, ఇంట్లో ఉన్న మనిషిని కూడా పోగొట్టుకోవడం ఎందుకు అనుకున్నా. నేను తక్కువ చదివినవాణ్ణి, నాకంతకంటే తోచలేదు."

ఈ ఆరేళ్ళలో ఇతన్ని నేను అన్న మాటలు ఒకటా రెండా. చర్చికి రావడం మానేస్తే దేవుడంటే లెక్కలేదన్నాను. చిన్న గదిలోకి పక్క మార్చుకుంటే ముసలితనం వచ్చేసిందన్నాను. మా చెల్లెళ్ళందరి ముందూ మొద్దు అన్నాను. అన్నీ పడ్డాడు. రాత్రుళ్ళు నా పక్కన నిద్రలో ఎక్కడ వాగుతాడోనని గది మారాడట, అదీ ఆ సాయంత్రమే చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. నా రెండు చేతులూ బల్ల మీద ఉంటే వాటిని చూడలేక ఒళ్ళో పెట్టుకున్నాను.

"రేపు పొద్దున్న రొజేర్ గారింటికి వెళ్తాను" అన్నాను.

"వద్దు."

"వెళ్ళాలి."

"వచ్చే నెలలో చదువైపోతుంది. కొత్త ఆసుపత్రి కట్టే చోట రొజేర్ నిన్ను అప్రెంటిస్‌గా పెట్టిస్తానన్నాడు. ఆ ముసలాయన మాట లేకుండా యాభై ఏళ్ళ మనిషిని ఎవడు తీసుకుంటాడు? నాలుగేళ్ళు పనిచేస్తే నీకు సొంత లైసెన్సు వస్తుంది. ఆలోచించుకో."

"ఆలోచించడానికేముంది ఇందులో?"

అతను బల్ల మీది తీగని చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "అంతగా వెళ్ళాలనుంటే వెళ్ళు. నా పేరు చెప్పు. నీ పేరు చెప్పకు. ఇన్నేళ్ళలో నిన్నేం అడగలేదు, ఇదొక్కటి విను."

పెనం మీద మాడిన అట్టుని తీసి బయట పడేశాను. ఇద్దరం ఏమీ తినకుండానే పడుకున్నాం.

శనివారం తొమ్మిదింటికి రొజేర్ గారి ఇంటి ముందు బండి ఆపాను. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయనొక్కరే ఉంటారు. తలుపు తీసి నన్ను చూడగానే మొహం విప్పారింది.

"రా లోరెట్, సరిగ్గా నీ గురించే కూర్చున్నా. ఆసుపత్రి పనివాళ్ళకి ఉత్తరం రాస్తున్నా. నీ పేరులో రెండు 'టి'లే కదా? నిన్న అలా వెళ్ళిపోయావేం, ఒంట్లో బాలేదా?"

బల్ల మీద కాగితాలున్నాయి. ఆయన కాఫీ పోసి నా ముందు పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ పెన్ను తీసుకున్నారు. గోడ మీద జోయెల్ ఫోటో ఉంది, లైనువాళ్ళ టోపీతో. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. దారి పొడుగునా అల్లుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కటే మిగిలింది.

"రొజేర్ గారూ, ఆ రోజు కరెంటు మా ఇంట్లోంచే వచ్చింది."

ఆయన ఉలిక్కిపడలేదు. పెన్ను పక్కన పెట్టారు.

"తెలుసు" అన్నారు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ఆయన మళ్ళీ అన్నారు, "తెలుసు లోరెట్. జోయెల్‌ని పూడ్చిన నాలుగో రోజున నార్మన్ వచ్చాడు. లోపలికి రాలేదు, ఆ గడపలోనే నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. మెయిన్ దించడం మర్చిపోయాను, మీరేం చేసినా పడతాను అన్నాడు. నేనొకటి కొట్టాను. పక్క పన్ను ఊడి మెట్ల మీద పడింది. అది ఏరుకుని వెళ్ళిపోయాడు. నీకు చెప్పలేదా?"

మంచు మీద జారి పడ్డానని చెప్పాడు నాకు. కళ్ళు పెట్టుకుని నడవచ్చు కదా అని నేను దెప్పాను. వారం రోజులు జావ కాచి పోశాను, దెప్పుతూనే పోశాను.

"మరి మీరు ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగారు. "జోయెల్ ఎర్త్ కట్టలేదు, లోరెట్. స్తంభం ఎక్కగానే మొదటి పని ఎర్త్ కట్టడం, అంటే లైను తీగని భూమికి కలపడం. కట్టి ఉంటే మీ జనరేటర్ కాదు కదా, దాని జేజమ్మ కూడా వాణ్ణి ఏమీ చెయ్యలేదు. వాడికి పని నేర్పింది నేనే. ఎందుకు కట్టలేదో నాకిప్పటికీ తెలీదు. మూడు రోజులు నిద్ర లేదు, చలి, ఇళ్ళల్లో పిల్లలు వణికిపోతున్నారని తొందర. కేసు పెడితే అదీ పేపర్లోకి ఎక్కుతుంది. వాడి తప్పని పదిమందీ అనుకుంటారు. నేను తట్టుకోలేను."

ఆయన కిటికీ దగ్గర్నుంచి మళ్ళీ బల్ల వైపు తిరిగారు.

"నీ దరఖాస్తు వచ్చినప్పుడు సీర్ అన్న పేరు చూసి పక్కన పడేశాను. రెండ్రోజులు తీయలేదు. తర్వాత అనిపించింది, ఆ ఇంట్లో ఒక్కరికైనా ఈ పని తెలిసి ఉండాలని. నీ తప్పేముంది పాపం అందులో? ఏటా ఆ తీగ క్లాసులో చూపిస్తాను. ఈ ఏడు నువ్వున్నావని మానేద్దామనుకున్నాను. మిగతా పదకొండు మంది ఏం పాపం చేశారని చూపించాను. వాళ్ళందరిలో నీ చేతి పనే శుభ్రంగా ఉంటుంది. నార్మన్‌ని నేను క్షమించలేదు. చచ్చేదాకా క్షమించను, దాచుకోవడం ఎందుకు. వాడు కనిపిస్తే రోడ్డు దాటి అవతలికి పోతాను. నువ్వు పని చేస్తుంటే మాత్రం చూడాలనిపిస్తుంది. ఇన్నేళ్ళకి కొంచెం నిద్ర పడుతోంది నాకు."

అని మళ్ళీ పెన్ను తీసుకుని ఉత్తరం చివర సంతకం చెయ్యడం మొదలుపెట్టారు.

నేను నోరు మూసుకుంటే చాలు. అంతకంటే ఏమీ చెయ్యక్కర్లేదు. నాకు పని దొరుకుతుంది. ఈ ముసలాయనకి నిద్ర పడుతుంది. నార్మన్ ఆరేళ్ళు మోసిన బరువు వృథా కాదు, అతను నన్ను అడిగిన ఒక్కటీ తీర్చినట్టవుతుంది. అందరికీ మంచిదే. ఒక్క నార్మన్ మాత్రం చెయ్యని దానికి ఈ ఊళ్ళో తల దించుకుని తిరుగుతూ ఉంటాడు. అతను కనిపిస్తే ఈయన రోడ్డు దాటి అవతలికి పోతూ ఉంటారు. రేపు నేను ఆసుపత్రి గోడల్లో తీగలు లాగుతూ మంచి పనిమంతురాలినని పేరు తెచ్చుకుంటాను.

కాఫీ కప్పు పక్కకి జరిపాను. నాకు నార్మన్ మీద అప్పుడు పుట్టిన ప్రేమ పెళ్ళినాడు కూడా లేదు. అతని మాట కాదని ఇంతకుముందు ఎన్నోసార్లు చేశాను, అన్నీ పంతానికి చేసినవే. ఇదొక్కటీ పంతానికి కాదు.

"రొజేర్ గారూ" అన్నాను. "ఆ రోజు పదకొండింటికి నార్మన్ ఇంట్లో లేడు. వాళ్ళమ్మ దగ్గర ఉన్నాడు."

ఆయన పెన్ను సంతకం మధ్యలో ఆగిపోయింది. తలెత్తి నా వైపు చూడలేదు. కాగితం మీదే కళ్ళు నిలిపి అడిగారు.

"మరి ఇంట్లో ఎవరున్నారు?"